ఓటు లేని పొరుగువారి మీద శాసనం

అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసి, అక్కడి ఓటర్ల జాబితాలో పేరు రాయించుకున్న తెలుగు బిడ్డలారా, ఈ మాటలు మీ కోసం రాస్తున్నాను. మీరు ఓటేసి పంపే ప్రతినిధి వాషింగ్టన్‌లో కూర్చుని మీ పన్నుల గురించి, మీ బంధువుల వీసాల గురించి, మీ పిల్లల చదువుల గురించి చట్టాలు చేస్తాడని మీకు తెలుసు. అదే సభ ఫ్లోరిడా కొసనున్న కీ వెస్ట్‌కు 90 మైళ్ల దూరంలోని ఒక ద్వీపం మీద కూడా చట్టాలు చేసింది. అమెరికా రైతు దగ్గర గింజలు కొనాలంటే ఆ ద్వీపం రొక్కం ముందే చెల్లించాలని, దాని రేవులో సరుకు దించిన ఓడ ఆరు నెలల దాకా అమెరికా రేవు ముఖం చూడకూడదని, దాని ప్రభుత్వంలో ఫలానా వాళ్లు ఉండకూడదని రాసిపెట్టింది. ఆ ద్వీపం క్యూబా. అక్కడున్న సుమారు కోటిమందిలో ఒక్కరికీ ఆ సభలో ఓటు లేదు. మీకు ఉంది. అందుకే ఈ ధర్మం మీకు చెప్పవలసి వస్తోంది.

మీ రాజ్యాంగం మొదటి అధికరణాన్ని ఒకసారి తీసి చదవండి. యుద్ధం ప్రకటించే అధికారం, సైన్యాన్ని పోషించే అధికారం, విదేశాలతో వర్తకాన్ని నియంత్రించే అధికారం అన్నీ చట్టసభవే. సభ ఒప్పుకోకుండా ఖజానా నుంచి పైసా కదలదు. రెండో అధికరణం ప్రకారం, అధ్యక్షుడు చేసుకొచ్చిన ఒప్పందానికి సెనేటులో మూడింట రెండు వంతుల మంది తల ఊపాలి. ఒక్కడికి వచ్చిన కోపం దేశమంతటికీ యుద్ధమై చుట్టుకోకూడదని, పదిమంది కూర్చుని ఆలోచించాలని, ఆ రాజ్యాంగం రాసిన పెద్దలు ఇంత బరువు సభ మీద పెట్టారు. ఆ బరువు మోయగలిగిన రోజులు ఆ సభకు ఉన్నాయి. క్యూబా విషయంలోనూ ఉన్నాయి. అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మంచి చేసిన చేతులే తర్వాత ఏం చేశాయో చూస్తే తప్ప ఈ కథలోని బాధ తెలియదు.

1890లలో క్యూబా స్పెయిన్ పాలనలో ఉంది. తిరుగుబాటును అణచడానికి వచ్చిన జనరల్ వేలర్ పల్లెల్లోని రైతు కుటుంబాలను ఊళ్లు ఖాళీ చేయించి, కాపలా ఉన్న పట్టణాల్లోకి తోలించాడు. తిండి లేక, జబ్బులు సోకి లక్షమందికి పైగా చనిపోయారు. వెర్మాంట్ సెనేటరు రెడ్‌ఫీల్డ్ ప్రాక్టర్ స్వయంగా వెళ్లి చూసి వచ్చి, 1898 మార్చి 17న సెనేటులో లేచి మాట్లాడాడు. కేకలు లేవు, అలంకారాలు లేవు. చూసింది చూసినట్టు చెప్పాడు. అప్పటికి నెల రోజుల ముందే హవానా రేవులో మెయిన్ అనే అమెరికా యుద్ధనౌక పేలిపోయి 260 మందికి పైగా మరణించారు. పత్రికలు పగ పగ అని ఊగిపోతున్నాయి. అయినా ఎందరో సభ్యుల మనసు కరిగించింది ప్రాక్టర్ వర్ణించిన ఆకలి. ఆ జాలి నిజమైనదేనని నేను నమ్ముతాను.

ఏప్రిల్ 20న అధ్యక్షుడు మెకిన్లీ సంతకం చేసిన ఉమ్మడి తీర్మానంలో నాలుగో అంశం కొలరాడో సెనేటరు హెన్రీ టెల్లర్ చేర్పించినది. ఆ ద్వీపం మీద సార్వభౌమత్వం గాని, అధికారం గాని చలాయించే ఉద్దేశం అమెరికాకు లేదని, శాంతి నెలకొన్నాక పాలనను అక్కడి ప్రజలకే వదిలేస్తామని అందులో సభ ప్రకటించింది. టెల్లర్ రాష్ట్రంలో బీట్ చక్కెర పండుతుంది కాబట్టి క్యూబా చక్కెర పన్ను లేకుండా లోపలికి రాకూడదనే స్వార్థం ఉందనే వాళ్లున్నారు. ఉండనీయండి. మనసులో ఏమున్నా మాట మాటే. ఒక మహాబల దేశం యుద్ధానికి బయలుదేరే ముందు తన చేతులు తానే కట్టుకున్న సందర్భాలు చరిత్రలో చాలా అరుదు. ఆ రోజు ఆ సభకు నమస్కరించవచ్చు.

ఆ మాట మూడేళ్లు నిలవలేదు.

యుద్ధం కొద్ది నెలల్లో ముగిసింది. శాంటియాగో నగరం లొంగిపోయినప్పుడు, ఏళ్ల తరబడి అడవుల్లో పోరాడిన కలిస్తో గార్సియా సైనికులను అమెరికన్ జనరల్ షాఫ్టర్ నగరంలో అడుగు పెట్టనివ్వలేదు. 1898 డిసెంబరులో పారిస్‌లో ఒప్పందం జరిగింది. క్యూబా భవితవ్యం తేల్చిన ఆ బల్ల దగ్గర క్యూబా మనిషి ఒక్కడూ లేడు. 1899 జనవరి 1 నుంచి అమెరికా సైనిక పాలన. 1900 నవంబరులో హవానాలోని మార్తీ థియేటర్‌లో 31 మంది ప్రతినిధులు రాజ్యాంగం రాసుకోవడానికి కూర్చున్నారు. ఆ థియేటర్‌కు పేరైన హోసే మార్తీ తన జీవితంలో దాదాపు పదిహేనేళ్లు న్యూయార్క్‌లో గడిపిన కవి, విలేఖరి. అమెరికా ప్రజల శ్రమను మెచ్చుకున్నవాడు, దాని పాలకుల ఆశకు భయపడినవాడు. 1895 మేలో దోస్ రియోస్ దగ్గర పోరులో నేలకొరిగే ముందు రోజు మిత్రుడికి రాస్తూ సగంలో ఆపిన ఉత్తరంలో ఆ భయమే ఉంది.

వాళ్లు రాసుకుంటుండగానే వాషింగ్టన్‌లో వాళ్ల రాజ్యాంగానికి అనుబంధం సిద్ధమైంది. యుద్ధ మంత్రి ఎలిహు రూట్ ఊహించగా, కనెక్టికట్ సెనేటరు ఆర్విల్ ప్లాట్ పేరుతో వచ్చిన ఆ సవరణను సైన్యపు ఖర్చుల బిల్లుకు తగిలించారు. ఆ సమావేశాలు మార్చి 4తో ముగుస్తాయి. సైన్యానికి డబ్బు ఆగకూడదు. కాబట్టి తగిలించినది కూడా దాంతోపాటే పోవాలి. 1901 మార్చి 2న చట్టమైంది. ఒక జాతి స్వాతంత్ర్యం ఎంత ఉండాలో తేల్చే ఎనిమిది షరతులు సిపాయిల జీతభత్యాల కాగితాల మధ్య ఆమోదం పొందాయి. చట్టం చేసే విధానంలోనే ధర్మం ఉంటుంది, నాయనలారా. పగటి వెలుగులో నిలబడి వాదించలేని విషయాన్ని అవసరమైన బిల్లు తోకకు కట్టి పంపడం చట్టసభల్లో పాత అలవాటు, దొడ్డిదారి. మీ ప్రతినిధి ఏ బిల్లుకు ఓటేశాడన్నది చూసినంత శ్రద్ధగా, ఆ బిల్లు చివర ఏం తగిలించారో కూడా చూడండి.

ఆ షరతుల్లో మూడోది ప్రధానమైనది. క్యూబా స్వాతంత్ర్యాన్ని కాపాడటానికీ, ప్రాణాలకూ ఆస్తులకూ రక్షణ ఇచ్చే ప్రభుత్వం అక్కడ ఉండేలా చూడటానికీ జోక్యం చేసుకునే హక్కు అమెరికాకు ఉంటుందన్నది. ఏడోది నౌకాస్థావరాలకు భూమి ఇవ్వాలన్నది. ఎనిమిదోది ఇవన్నీ శాశ్వత ఒప్పందంగా రాసివ్వాలన్నది. ఒప్పుకుంటేనే సైన్యం వెనక్కి వెళుతుంది.

మార్తీ థియేటర్‌లోని ఆ సభను కాస్త దగ్గరగా చూడండి. బానిసలైన తల్లిదండ్రులు, బిడ్డ పుట్టక ముందే కడుపులోని పిండానికి వెల కట్టి విడిపించుకోగా స్వేచ్ఛాజీవిగా పుట్టినవాడు హువాన్ గువాల్బెర్తో గోమెస్. ఆ షరతులకు ఒప్పుకోవడమంటే మన ఇంటి తాళంచెవి వాళ్ల చేతికిచ్చి, రాత్రో పగలో ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రమ్మనడమేనని ఆయన వాదించాడు. ప్రతినిధులు కొందరు వాషింగ్టన్ వెళ్లి రూట్‌ను కలిశారు. జోక్యమంటే ఊరికే వేలు పెట్టడం కాదని ఆయన నచ్చజెప్పాడు. ఆ వివరణనే కాగితం మీద పెట్టి, మాకు ఇలా అర్థమైంది కాబట్టి ఒప్పుకుంటున్నామని సభ తీర్మానించింది. వివరణలు కుదరవు, రాసింది రాసినట్టే ఒప్పుకోండి అని అమెరికా తిప్పి పంపింది. చివరికి 1901 జూన్ 12న 16 మంది అవునన్నారు, 11 మంది కాదన్నారు. అవునన్న వాళ్లలో చాలామంది ద్రోహులేమీ కారు. సగం స్వాతంత్ర్యమైనా రాకపోతే పరాయి సైన్యం ఎన్నటికీ కదలదని లెక్క వేసుకున్నవాళ్లు. బలవంతుడి శాసనం బలహీనుడి ఇంట్లో అన్నదమ్ముల మధ్య ఇలాంటి చీలిక తెస్తుంది. ఆ ఏడాదే, క్యూబాను ఏలుతున్న అమెరికన్ జనరల్ లెనార్డ్ వుడ్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు రాసిన ఉత్తరంలో, ప్లాట్ సవరణ తర్వాత క్యూబాకు మిగిలిన స్వాతంత్ర్యం దాదాపు ఏమీ లేదని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. తెలియక చేసిన పని కాదది.

భారతంలో కురుసభ మనకు తెలుసు. ముందు తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిదని ద్రౌపది అడిగింది. పెద్దలు ధర్మం సూక్ష్మమైనదని తప్పించుకున్నారు. దుర్యోధనుడి తమ్ముడే అయిన వికర్ణుడు ఒక్కడు లేచి అన్యాయమన్నాడు. సభలో ప్రశ్న వచ్చినప్పుడు, జవాబు తెలిసీ చెప్పని సభ్యుడికి ఆ అసత్యంలో సగం పాలు వస్తుందని విదురుడు అక్కడే హెచ్చరించాడు. నా మీద నీకు హక్కు ఎక్కడిదని క్యూబా 1901లో అడిగిన ప్రశ్నకు వాషింగ్టన్‌లోని సభ ఇంకా జవాబు చెప్పలేదు.

ప్లాట్ సవరణ పని చేసిన తీరు చూడండి. 1902 మే 20న జెండా మారింది. 1906లో అధ్యక్షుడు ఎస్త్రాదా పాల్మా మీద ప్రత్యర్థులు తిరగబడితే, ఆయన రాజీనామా చేసి తనే అమెరికాను పిలిచాడు. 1909 దాకా రెండోసారి పరాయి పాలన. ఆ తర్వాత 1912లో, 1917లో మళ్లీ సైనికులు దిగారు. ఇక్కడొక సూక్ష్మం ఉంది. తాళంచెవి పక్కింటివాడి దగ్గర ఉందని తెలిసిన నాయకులు తమ ప్రజలకు జవాబు చెప్పడం మానేశారు. ఓడినవాడు అలజడి రేపితే అమెరికా వస్తుందని చూసేవాడు, గెలిచినవాడు అమెరికాను చూపించి బెదిరించేవాడు. తప్పు చేసి దిద్దుకునే అవకాశం ఒక జాతికి లేకుండా చేయడం, దాని భూమిని ఆక్రమించడం కంటే లోతైన హాని అని నా అభిప్రాయం.

పైన్స్ దీవి సంగతి మరీ విచిత్రం. అది క్యూబాదా కాదా అన్నది తర్వాత తేల్చుకుందామని ప్లాట్ సవరణలో రాశారు. క్యూబాదేనని 1904లో ఒప్పందం కుదిరింది. సెనేటు దాన్ని ఆమోదించింది 1925లో. ఇరవై ఒక్క ఏళ్లు ఆ కాగితం సెనేటులో పడి ఉంది. చట్టసభకు చేసే అధికారం ఎంతో, చేయకుండా ఉంచే అధికారమూ అంతే. ఆ రెండో దానికి ఎవరూ లెక్క అడగరు.

చక్కెర కథ వేరే చెప్పాలి గాని క్లుప్తంగా చెబుతాను. ఒకే పంట మీద, ఒకే కొనుగోలుదారు మీద ఆ ద్వీపాన్ని నిలబెట్టి, 1930లో స్మూట్-హాలీ చట్టంతో ఆ చక్కెర మీదే సుంకం పెంచారు. మూడేళ్లలో అమెరికా మార్కెట్టులో క్యూబా వాటా సగం నుంచి పావుకు పడిపోయింది. చెరకు కొట్టే కూలీలకు పని పోయింది. 1933లో అక్కడి అధ్యక్షుడు మచాదో ప్రభుత్వం కూలింది. ఆ చట్టానికి ఓటేసిన సభ్యులెవరికీ క్యూబా మీద ద్వేషం లేదు. తమ జిల్లాలోని రైతు సంగతే చూసుకున్నారు. ద్వేషం లేకుండానే ఒక దేశం పొయ్యి ఆర్పగలిగేంత బలం మీ సభకు ఉందని మరువకండి.

1934లో ప్లాట్ సవరణ రద్దయింది. గ్వాంతానమో నౌకాస్థావరం మాత్రం మిగిలింది. 45 చదరపు మైళ్ల ఆ స్థావరానికి 1903లో నిర్ణయించిన అద్దె ఏడాదికి 2,000 బంగారు డాలర్లు. తర్వాత అది 4,085 డాలర్లయింది. ఇద్దరూ ఒప్పుకుంటే గాని, అమెరికా తనంత తాను వదిలేస్తే గాని ఆ కౌలు ముగియదు. 1959 తర్వాత ఒక్క చెక్కు మాత్రం మార్చుకున్న క్యూబా, మిగతావి ముట్టుకోలేదు. ఇల్లుగలవాడు అద్దె వద్దంటుంటే ఉంటున్నవాడు ఏటా చెక్కు పంపుతూనే ఉన్నాడు.

2002 జనవరి నుంచి అక్కడ విచారణ లేని ఖైదీలను పెట్టారు. వాళ్లు కోర్టుకు మొర పెట్టుకునే హక్కును 2006లో చట్టసభే తీసేసింది. 2008లో సుప్రీంకోర్టు నలుగురు కాదన్నా అయిదుగురి మెజారిటీతో ఆ భాగాన్ని కొట్టేసింది. పాలకులు తమకు ఇష్టమైనప్పుడు రాజ్యాంగాన్ని అమలు చేసి, ఇష్టం లేని చోట ఆపేయడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారం. అది క్యూబన్ల కోసం ఇచ్చిన తీర్పు కాదు. అయినా పరాయి నేల మీద అమెరికా అధికారం ఉన్నంత మేరా అమెరికా బాధ్యత ఉంటుందనే ధర్మం అందులో ఉంది.

ఇక్కడ మీలో కొందరు అడ్డు తగులుతారని తెలుసు. అక్కడున్నది నియంతృత్వం కదా అంటారు. అవును. 1959లో ఫిడెల్ కాస్ట్రో నాయకత్వాన వచ్చిన ప్రభుత్వం ఎన్నికల మాట ఇచ్చి తప్పింది. ఒకే పార్టీ, ఒకే పత్రికా స్వరం. 2003లో 75 మంది అసమ్మతివాదులను జైళ్లలో వేసింది. 2021 జూలైలో తిండికీ, మందులకూ, స్వేచ్ఛకూ వీధుల్లోకి వచ్చిన యువకులకు ఏళ్ల తరబడి శిక్షలు పడ్డాయి. 1960లో అమెరికన్ల ఆస్తులు తీసుకుని పరిహారం ఇవ్వలేదు. అమెరికా ప్రభుత్వ సంఘం ధ్రువీకరించిన అలాంటి క్లెయిములు 5,913. ఇవేవీ కప్పిపుచ్చను. బలవంతుడిని నిందించే నోటితో బలహీనుడి పాపాన్ని కడిగేయడం కూడా అసత్యమే.

కానీ ఆ పాపానికి శిక్ష ఎవరి మీద పడింది? 1960 ఏప్రిల్‌లో అమెరికా విదేశాంగ శాఖ అధికారి లెస్టర్ మాలరీ రాసిన పత్రం ఉంది. క్యూబాలో ఎక్కువమంది కాస్ట్రో వైపే ఉన్నారు కాబట్టి, ఆకలీ నిరాశా కలిగించి ప్రభుత్వాన్ని పడగొట్టాలని అందులో రాశాడు. 1961 నాటి విదేశీ సహాయ చట్టం అధికారమిచ్చింది. 1962 ఫిబ్రవరిలో కెనడీ సంతకంతో వాణిజ్య దిగ్బంధం అమల్లోకి వచ్చింది. ప్రాక్టర్ 1898లో ఏ ఆకలిని చూసి సభ ముందు నిలబడ్డాడో, అదే ఆకలిని అరవై రెండేళ్లకు ఆయన దేశపు కార్యాలయంలో ఒక ఉపాయంగా కాగితం మీద పెట్టారు. ఇంతకంటే పెద్ద పతనం ఏ దేశానికైనా ఏముంటుంది?

సోవియట్ యూనియన్ కూలిపోయి ఆ ద్వీపం నుంచి ముప్పు లేదని తేలిన తర్వాతే మీ సభ మరింత బిగించింది. 1992 చట్టం క్యూబా రేవులో వర్తకం చేసిన ఓడను 180 రోజులు అమెరికా రేవుకు రానీయలేదు. 1996 ఫిబ్రవరి 24న క్యూబా యుద్ధవిమానాలు ప్రవాసుల చిన్న విమానాలు రెండింటిని కూల్చి నలుగురిని చంపాయి. అది ఘోరమే. ఆ కోపంలో, మూడు వారాలు తిరక్కముందే హెల్మ్స్-బర్టన్ చట్టం సంతకమైంది. అప్పటి దాకా అధ్యక్షుడి చేతిలో ఉన్న దిగ్బంధాన్ని ఆ చట్టం తన చేతిలోకి తీసుకుంది. ఫిడెల్ గాని, ఆయన తమ్ముడు రావుల్ గాని ఉన్న ఏ ప్రభుత్వాన్నీ పరివర్తన ప్రభుత్వంగా గుర్తించరాదని రాసింది. మూడో దేశపు వ్యాపారులను కూడా అమెరికా కోర్టులకు లాగే దారి తెరిచింది. కెనడా, మెక్సికో, ఐరోపా దేశాలు దాన్ని అడ్డుకునేందుకు తమ చట్టాలు తాము చేసుకోవలసి వచ్చింది. 2016 మార్చిలో హవానా వెళ్లిన ఒబామా, దిగ్బంధం ఎత్తివేయాలని తన కాంగ్రెసును అక్కడి వేదిక మీద నుంచే కోరాడు. దాన్ని తనంత తాను ఎత్తివేసే అధికారం ఆయనకు లేదు. కోపంలో చేసిన చట్టానికి కోపం చల్లారాక కూడా ప్రాణం ఉంటుంది. అందుకే కోపంగా ఉన్న సభ చట్టం చేయకూడదు.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1992 నుంచి ఈ దిగ్బంధం వద్దని తీర్మానిస్తూ వస్తోంది. 2024లో 187 దేశాలు అలా ఓటేశాయి, కాదన్నవి రెండే. ప్రపంచం చెప్పినంత మాత్రాన ప్రతిదీ సత్యం కాదు. కానీ మిత్రులు కూడా ఇన్నేళ్లుగా ఒకే మాట చెబుతుంటే, పెద్దమనిషి అన్నవాడు ఒకసారి ఆగి వినాలి.

ఈలోగా ఆ ద్వీపం ఖాళీ అవుతోంది. 2022, 2023లలో పది లక్షలకు పైగా జనం వెళ్లిపోయారని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుంది. 2024 అక్టోబరు 18న ప్రధాన విద్యుత్కేంద్రం ఆగిపోవడంతో ద్వీపమంతా చీకటైంది. ఇందులో ఆ ప్రభుత్వపు చేతకానితనం ఎంత, దిగ్బంధం ఎంత అని పండితులు వాదించుకోవచ్చు. మీరు జవాబు చెప్పవలసింది మీ పాలుకే.

పరాయి చట్టసభ శాసనం మన వాళ్లకూ ఎరుకే. 1927లో మన రాజ్యాంగ భవిష్యత్తు తేల్చడానికి బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు ఏడుగురితో సైమన్ కమిషన్ వేశారు. అందులో భారతీయుడు ఒక్కడూ లేడు. 1928 ఫిబ్రవరిలో మద్రాసు వీధిలో టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకీకి రొమ్ము ఎదురొడ్డి నిలబడ్డాడు. ఆ కథ చెప్పుకుని గర్వపడే వాళ్ల బిడ్డలు ఈ రోజు శాసనం చేసే వైపు కూర్చున్నారు. అటు కూర్చున్నప్పుడు కూడా ప్రకాశం గుర్తుండాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

మీ తీరిక సమయంలో ఒక పని చేయండి. ప్రతినిధుల సభ సభ్యుడు రెండేళ్లకొకసారి, సెనేటరు ఆరేళ్లకొకసారి మీ వాకిట్లోకి వస్తాడు. మీ జిల్లాలోని వారి కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి. హెల్మ్స్-బర్టన్ రద్దుకు బిల్లు వస్తే ఎలా ఓటేస్తారని అడగండి. ఆహారం, మందులు, విద్యుత్కేంద్రాల విడిభాగాల అమ్మకానికి ఉన్న ఆంక్షలను ముందు సడలిస్తారా అని అడగండి. ఆ 5,913 క్లెయిముల వారికి, కెనడా, స్పెయిన్, ఫ్రాన్స్ తమ పౌరుల కోసం చేసుకున్నట్టు, కూర్చుని మాట్లాడి పరిహారం ఇప్పించడానికి ఏం చేస్తారని అడగండి. క్యూబా జైళ్లలో ఉన్న యువకుల విడుదల కోసం కూడా అదే ఉత్తరంలో అడగండి. ఇంకొకటి. 1898 ఏప్రిల్ 20 నాటి తీర్మానంలోని నాలుగో అంశాన్ని ఏ సభా రద్దు చేయలేదు. దాని ప్రతి ఒకటి ఉత్తరానికి జతచేసి, ఆ మాటకు తాము కట్టుబడి ఉన్నారా లేదా అని రాతపూర్వకంగా జవాబు కోరండి.